పన్నెండు వేల మెసేజీలు

కాగితంలో రెండు పేరాలే ఉన్నాయి. సూర్యకళ దాన్ని మూడుసార్లు చదివి, నాలుగు మడతలు పెట్టి, కీబోర్డు కింద దూర్చింది.

మే ఇరవై ఏడున గేటు దగ్గర లారీలు అయిదు గంటలు నిలిచిపోవడానికి కంప్యూటర్ ఆపరేటర్ నిర్లక్ష్యమే కారణమని సపోర్టు కంపెనీ రిపోర్టు ఇచ్చిందట. జూన్ ముప్పయ్యో తేదీలోగా సంజాయిషీ ఇవ్వాలి. అది తృప్తికరంగా లేకపోతే జూలై ఒకటి నుంచి ఆమె పనిలోకి రానక్కర్లేదు. కింద రవాణా సంఘం సెక్రటరీ అప్పాజీ సంతకం ఉంది. సంతకం చేసిన మనిషి ఇంకా బల్ల ముందే నిలబడి ఉన్నాడు.

"నామీద కోపం పెట్టుకోకమ్మా," అన్నాడు. "ఏడు లారీల మొక్కలు వాడిపోయాయి. రోహిణి కార్తె ఎండ. రైతులు ఎవరో ఒకర్ని చూపించమంటున్నారు."

"చూపించడానికి నేను దొరికానాండి?"

"నేను రాసింది కాదుగా. నువ్వు మెసేజీలు తుడవలేదని ఆ హైదరాబాదు కంపెనీ వాళ్ళే రాసిచ్చారు."

"రోజుకి రెండుసార్లు తుడుస్తున్నానండి. పొద్దున్న రాగానే ఒకసారి, సాయంత్రం ఆరింటికి వెళ్ళేముందు ఒకసారి."

"మరెలా నిండిందమ్మా?"

అప్పాజీ జేబులోంచి బండి తాళంచెవి తీశాడు.

"నెలాఖరుకి మెషిన్ మీద లోడు పెరుగుతుందంట. ఈసారి ముప్పయ్యో తారీఖున ఆ కంపెనీ సత్యప్రసాద్ గారే లైన్లో ఉండి చూస్తారంట. అందాకా దేన్నీ ముట్టుకోకు," అని చెప్పి తన మోటార్ సైకిల్ దగ్గరికి నడిచాడు.

గది మూలన నల్లటి పెట్టె సన్నగా రొద చేస్తోంది. బల్లమీద పెట్టుకునే పీసీ కాదది, పెద్ద బ్యాంకుల్లో హాలంతా ఆక్రమించే రకమూ కాదు. మధ్యరకం మెషిన్. మూతబడ్డ ఒక మిల్లు నుంచి సంఘం పంతొమ్మిదేళ్ళ కిందట కొన్నది. ఆకుపచ్చ అక్షరాల తెర. కడియం చుట్టుపక్కల నర్సరీల నుంచి దేశమంతా వెళ్ళే మొక్కల లారీలకి వరస నంబరు ఇచ్చేదీ, గేట్ పాస్ ముద్రించేదీ అదే. అందులో ఒక జాబ్, అంటే ఒక చిన్న ప్రోగ్రామ్, ఎవరూ పిలవకుండానే రెండు నిమిషాలకోసారి లేస్తుంది. 'సిద్ధం' అని నమోదై ఇంకా గేటు దాటని లారీలు ఎన్నున్నాయో చూసి, ఒక్కో లారీకి ఒక్కో మెసేజ్ క్యూలో పడేసి మళ్ళీ పడుకుంటుంది. మెసేజ్ తనంతట తాను పోదు. మనిషి తుడవాలి. క్యూలో పన్నెండు వేలు పడతాయి. ఆపైన ఒక్కటి కూడా పట్టదు. పట్టనప్పుడు, అదే క్యూలో తన మాట చెప్పుకోవాల్సిన గేట్ పాస్ జాబ్ కూడా నోరు తెరవలేక ఆగిపోతుంది. ఒకసారి ఆగితే దాన్ని మళ్ళీ లేపే అధికారం హైదరాబాదులో ఉన్న సత్యప్రసాద్‌కే ఉంది.

సూర్యకళ పాత గేట్ పాస్ ఒకటి తిరగేసి దాని వెనక లెక్క వేసింది. ఒక లారీకి గంటకి ముప్పై మెసేజీలు. మామూలు రోజున లారీ నలభై నిమిషాలు ఆగుతుంది, అంటే ఇరవై. రోజుకి అరవై లారీలు, పన్నెండు వందలు. ఒక్కసారి కూడా తుడవకపోయినా నిండటానికి పది రోజులు కావాలి. ఆమె ఇరవై ఆరో తేదీ సాయంత్రం తుడిచి వెళ్ళింది. ఇరవై ఏడు పొద్దున్న వచ్చేసరికి నిండి ఉంది.

పది రోజుల సరుకు ఒక్క రాత్రిలో ఎవరు తెచ్చి పోశారు?

ముప్పయ్యో తేదీని గుర్తు పెట్టుకుందామని ఎర్ర పెన్ను తీసుకుని గోడమీది క్యాలెండర్ దగ్గరికి వెళ్ళింది. ముప్పై చుట్టూ సున్నా చుట్టింది. ఆ చేత్తోనే పేజీ వెనక్కి తిప్పి మే ఇరవై ఏడుకి సున్నా చుట్టింది. ఇంకా వెనక్కి వెళ్ళి ఏప్రిల్‌లో ఆగిన రోజు, ఇరవై ఏడు, తనకి సెలవైన ఆదివారం. మార్చిలో ఆగిన రోజు, ఇరవై తొమ్మిది. మూడూ నెలాఖరు వైపే ఉన్నాయి. సత్యప్రసాద్ చెప్పిందే నిజమేమో అనుకుంటూ పెన్ను మూత పెట్టబోయింది.

మూత మధ్యలోనే ఆగింది. మూడు గళ్ళలోనూ ఆమె చుట్టిన సున్నా లోపల ఇంకో గుండ్రం ఉంది. నల్లటిది. క్యాలెండర్ వాడు అచ్చేసింది.

పేజీలు గబగబా ముందుకి తిప్పింది. జూన్ ముప్పై గడిలో నల్ల గుండ్రం లేదు. అది ఇరవై అయిదు గడిలో ఉంది. బుధవారం. ఇవాళ శనివారం.

చెప్పులు వేసుకోవడం కూడా మర్చిపోయి గేటు దగ్గరికి నడిచింది. గేటు కాపలా సత్తియ్య స్టూలు మీద కూర్చుని లారీ నంబరు పలక తుడుస్తున్నాడు. ఆయన వెనక గోడమీద సుద్దతో రాసి ఉంది: బుధ, సా. 4.00.

"ఇదేంటి బాబాయ్?"

"అమావాస్య వెళ్ళే టైమమ్మా. మంగళారం రాత్రి ఏడింటికి వస్తుంది, బుధారం నాలుగింటికి వెళ్తుంది. పంతులుగార్ని అడిగి రాశాను."

"అందాకా బండ్లు కదలవా?"

"అమావాస్య పూట మొక్క ఎవడు పంపుతాడమ్మాయ్? లోడు చేసి పెట్టుకుంటారు. నాలుగు కొట్టగానే నిమ్మకాయలు తొక్కించి వదులుతాం."

"ఎప్పటినుంచి రాస్తున్నావు ఇలాగ?"

"గేటు పెట్టినప్పటినుంచీ."

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

సత్తియ్య పలక పక్కన పెట్టాడు. "నువ్వెప్పుడు అడిగావు? అందరికీ తెలిసిందేగా."

అందరికీ తెలుసు. నల్ల పెట్టెకి మాత్రం తెలియదు. అది లారీ ఎందుకు ఆగిందో అడగదు, ఆగిందని మాత్రం రెండు నిమిషాలకోసారి చెబుతుంది. వేడి నేలమీద ఉత్త పాదాలతో సూర్యకళ దాదాపు పరుగున ఆఫీసుకి తిరిగొచ్చింది.

సోమవారం పది గంటలకి సత్యప్రసాద్ ఫోన్‌లో దొరికాడు.

"అమావాస్య గురించి సాఫ్ట్‌వేర్‌కి తెలియదు మేడమ్," అన్నాడు. గొంతులో నవ్వు దాచుకోలేదు.

"తెలియదనే సర్ నేనూ చెబుతున్నది. మీ దగ్గర లాగ్ ఉంటుంది కదండీ. క్యూ నిండిన టైములు ఒక్కసారి చదవండి."

అవతల కీలు టకటకలాడాయి. "మార్చి ఇరవై తొమ్మిది, తెల్లవారుజాము అయిదూ పది. ఏప్రిల్ ఇరవై ఏడు, మధ్యాహ్నం మూడూ నలభై. మే ఇరవై ఏడు, తెల్లవారుజాము నాలుగూ అయిదు."

"మూడూ అమావాస్యలేనండి. నలభై లారీలు ఆగితే గంటకి పన్నెండు వందలు. పది గంటల్లో ఎంత సర్?"

మళ్ళీ కీల చప్పుడు, ఈసారి వేగంగా.

"పన్నెండు వేలు," అన్నాడు. ఇప్పుడు ఆ గొంతులో నవ్వు లేదు. "అయితే ఈ ముప్పయ్యో తారీఖు..."

"ముప్పయ్యో తారీఖున ఏమీ అవదండి. మంగళవారం రాత్రి ఏడింటికి మొదలై, బుధవారం తెల్లవారి అయిదుకి నిండుతుంది. సాయంత్రం నాలుగింటికి గేటు తెరవాలి, పాసులు రావు."

"ఉండండి మేడమ్, ఉండండి." కుర్చీ జరిగిన చప్పుడయింది. "ఒక్క సెట్టింగ్ చాలు. క్యూ నిండితే పాతవి పోయి కొత్తవి పడేలా మార్చేస్తాను. ఎప్పటికీ ఆగదు."

సూర్యకళ వెంటనే సరే అనలేదు. తన గిట్టుబాటు చూసుకుంది. అలా మారిస్తే గేటు ఆగదు, ఆమె ఉద్యోగమూ ఉంటుంది. కానీ అదే క్యూలోకి తనిఖీ జాబ్ కూడా మెసేజ్ పెడుతుంది: ఫలానా లోడులో ఫలానా మొక్కకి ఆరోగ్య సర్టిఫికెట్ లేదని. పోయిన నెల అన్ని వేలల్లో వెతికి అలాంటివి రెండు పట్టుకుంది. అవి కొట్టుకుపోతే లారీ రాష్ట్రం హద్దు దాకా వెళ్ళి వెనక్కి వస్తుంది. అప్పుడు ఇంకో కాగితం వస్తుంది, ఇంకో రెండు పేరాలతో.

"అది వద్దు సర్. పనికొచ్చేవి కూడా పోతాయి. లారీకి ఒక్కటే మెసేజ్ ఉండేలా చెయ్యలేమా? కొత్తది పెట్టేముందు తన పాతది తానే తీసేసుకోవాలి."

"ప్రతి మెసేజ్‌కీ మెషిన్ ఒక గుర్తు ఇస్తుంది. దాన్ని లారీ పక్కన దాచుకుంటే..." ఆయన తనలో తాను మాట్లాడుకున్నాడు. "అయిదారు లైన్లు. కానీ ఆ ప్రోగ్రామ్‌ని పంతొమ్మిదేళ్ళుగా ఎవరూ ముట్టుకోలేదండి. ఎవరు టెస్ట్ చేస్తారు?"

"నేను చేస్తాను."

"సంఘం నుంచి మెయిల్ కావాలి. ఎవరి బాధ్యతో రాసి ఉండాలి."

దేన్నీ ముట్టుకోకన్నాడు అప్పాజీ. ముట్టుకోకపోతే బుధవారం ఆగటం ఖాయం, ఉద్యోగం పోవటమూ ఖాయం. ముట్టుకుని చెడితే అదే ఉద్యోగం అయిదు రోజుల ముందు పోతుంది. ముట్టుకుని బాగుపడితే నిలుస్తుంది. నష్టం రెండు వైపులా ఒకటే, లాభం ఒక వైపే ఉంది. సూర్యకళ మెయిల్ తెరిచి, తన పేరు మీదే రాసి, చదువుకోకుండా పంపేసింది.

మంగళవారం మధ్యాహ్నం పన్నెండింటికి కొత్త ప్రోగ్రామ్ ఎక్కింది. లేని లారీ నంబరు ఒకటి తనే వేసి 'సిద్ధం' నొక్కింది. రెండు నిమిషాలు. మెసేజ్ పడింది, 12.14. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని గోడ గడియారం కేసి చూస్తూ కూర్చుంది. మళ్ళీ రెండు నిమిషాలు. తెర తాజా చేసింది. ఒక్కటే లైను. టైము మాత్రం 12.16.

"ఒకటే ఉంది సర్."

"ఇంకోసారి చూడండి."

12.18. ఒకటే. 12.20. ఒకటే. నలభై నిమిషాలు అలాగే కూర్చున్నారు ఇద్దరూ, పాత లెక్కన ఇరవై మెసేజీలు పడాల్సిన చోట ఒక్క మెసేజ్‌ని చూసుకుంటూ. ఆమె భోజనం డబ్బా మూత తియ్యలేదు.

"మా అమ్మకి చెప్పాలండి ఇది," అన్నాడు సత్యప్రసాద్ చివరికి. "అమావాస్య నాడు ప్రోగ్రామ్ ఎక్కించొద్దని ఎప్పుడూ పోరుతుంది."

"రాత్రి ఏడు దాకా టైముంది సర్. ఎక్కేసిందిగా."

సాయంత్రం ఆరింటికి, ఆ లేని లారీ నంబరు తీసేశాక, తెరమీద ఇరవై ఎనిమిది లైన్లున్నాయి. ఇరవై ఎనిమిది లారీలు సిద్ధం. సూర్యకళ సంచి భుజాన వేసుకుని, ఎన్నడూ లేంది యార్డు మీదుగా బయల్దేరింది. యార్డు కూలీ బుల్లెమ్మ పైపు పట్టుకుని లారీల మీది మొక్కల్ని తడుపుతోంది. క్రోటన్లు, జామ అంట్లు, కొబ్బరి మొక్కలు. సూర్యకళ వేలితో ఎంచింది. మళ్ళీ ఎంచింది.

"పిన్నీ, ఇవేనా బండ్లు? ఇంకో వైపేమన్నా ఉన్నాయా?"

"తొమ్మిదే. ఇంకో వైపు బోదె కాలవ ఉంది, అందులో పెడతారేంటి?"

"ఇరవై ఎనిమిది సిద్ధమని ఉందే మెషిన్‌లో."

బుల్లెమ్మ పైపు నోటికి బొటనవేలు అడ్డం పెట్టి గేటు దగ్గరున్న సత్తియ్య కేసి చూసి నవ్వింది. "చెప్పవయ్యా ఆ పిల్లకి."

సత్తియ్య గొంతు తగ్గించాడు. "బస్సు ఆగకుండానే కిటికీలోంచి సీట్లో తువ్వాలు వేస్తారు చూడు. అదమ్మా. గేట్లో ఒక్కో బండికి ఆరు నిమిషాలు. నాలుగింటికి తెరిస్తే నలభయ్యోవాడు ఎనిమిదింటికి గానీ బయట పడడు. ఇదివరకు బండి యార్డులోకొస్తేనే నేను సిద్ధం అని రాయించేవాణ్ణి. మార్చి నుంచి ఫోన్లో నొక్కుకోవచ్చన్నారుగా సెక్రటరీ గారు. బండి లేకపోయినా నొక్కుతున్నారు. ముందు నంబరు చేతిలో ఉంటే ఏ బండి ముందొస్తే దానికి వాడుకోవచ్చు."

"మార్చి నుంచి," అంది సూర్యకళ.

"మరే."

"ఎవరు నొక్కుతున్నారు బాబాయ్?"

సత్తియ్య స్టూలు సర్దుకున్నాడు. "ఆ పన్నెండు వేలల్లో ఎవడికి కనపడుతుందమ్మా ఎవరి పేరుందో."

బుధవారం ఆమె ఏడింటికే వచ్చింది. మామూలుగా ఈ పాటికి నిండి, ఆకుపచ్చ లైన్లు పేజీ తర్వాత పేజీగా వందల పేజీలుండాలి. తెర వెలిగింది. మూడే పేజీలు. నలభై రెండు లైన్లు. నలభై ఒకటి లారీలవి. నలభై రెండోది తనిఖీ జాబ్ పెట్టింది: ఏడో నంబరు లారీ, నిమ్మ అంట్లు, ఆరోగ్య సర్టిఫికెట్ లేదు.

ఏడో నంబరు అప్పాజీ గారి నర్సరీది. మిగతావి చదివింది. ఒకటి నుంచి పదకొండు దాకా అన్నీ అప్పాజీ గారి నర్సరీవే.

ముందు ఫోన్ చేసింది. "బాబుగారూ, మీ నిమ్మ లోడుకి సర్టిఫికెట్ లేదండి. నాలుగులోగా తెప్పిస్తే సరిపోతుంది."

గంటన్నరలో అప్పాజీ మనిషిని పంపి కాగితం తెప్పించాడు. పదకొండింటికి తానే ఆఫీసుకొచ్చి కుర్చీ లాక్కున్నాడు.

"ఎక్కడ కనపడింది నీకిది?"

"నలభై రెండు మెసేజీలే ఉన్నాయండి. అందులో ఒకటి."

"వేలల్లో కదా ఉండేవి?"

"ఇప్పుడు లేవండి. మార్పించాను."

అప్పాజీ కండువా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ముట్టుకోవద్దన్నానా లేదా?"

"అన్నారండి. ముట్టుకున్నాను. నా పేరు మీదే మెయిల్ పెట్టాను."

"నాలుగింటికి పాసు రాలేదనుకో, ముప్పయ్యో తారీఖు దాకా కూడా ఆగను. ఇవాళే ఇంటికెళ్ళిపోదువుగాని."

"అలాగేనండి," అంది. ఆయన వెళ్ళాక ప్రింటర్‌లో కొత్త కాగితాలు సర్దింది.

మూడూ యాభైకి యార్డు నిండుగా ఉంది. ఇరవై నాలుగు లారీలు. డ్రైవర్లు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి ఇంజన్లు స్టార్టు చేశారు. రైతులు గేటు దగ్గర గుంపుగా నిలబడ్డారు, అప్పాజీ అందరికంటే ముందు. సూర్యకళ వరస జాబితా ముద్రించి, రెండు కాపీలు తీసి, ఒకటి సత్తియ్యకిచ్చింది. వేల లైన్లున్నప్పుడు ఎవరూ అడగని జాబితా అది. ఇప్పుడు ఒక్క కాగితంలో సరిపోయింది.

"గట్టిగా చదువు బాబాయ్. పిలిస్తే పలకని నంబరు ఆఖరికి వెళ్తుంది. ఈ పద్ధతి సంఘం పుస్తకంలో ఉన్నదే, నేను పెట్టింది కాదు."

నాలుగు కొట్టింది. సత్తియ్య కళ్ళజోడు పెట్టుకున్నాడు.

"ఒకటో నంబరు. అప్పాజీ గారి నర్సరీ. బండి ఏదండీ?"

ఏ హారనూ మోగలేదు. రైతులు పక్కకి చూసుకున్నారు.

"రెండో నంబరు. అప్పాజీ గారి నర్సరీ. బండి?"

బుల్లెమ్మ పైపు కట్టేసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ఎవరి తువ్వాలండి అది, కిటికీలోంచి పడిపోయినట్టుంది," అంది గాల్లోకి. వెనక ఎవరో పకపకా నవ్వారు. మూడు. నాలుగు. నవ్వులు పెరిగాయి. ఆరో నంబరు దగ్గర ఒక పెద్దాయన, "మేం ఎండలో అయిదు గంటలు కాచింది ఈ ఖాళీ నంబర్ల వెనకేనా అప్పాజీ గారూ," అన్నాడు. అరవలేదు, మామూలుగానే అడిగాడు.

అప్పాజీ కండువా ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు.

"ఏడో నంబరు. అప్పాజీ గారి నర్సరీ. నిమ్మ."

"ఉంది," అన్నాడు అప్పాజీ. "ఇది ఉంది సత్తియ్యా. నిజంగానే ఉంది."

నవ్వుల మధ్యే నిమ్మ లారీ గేటు ముందుకొచ్చింది. లోపల సూర్యకళ వేలు కీ మీద పెట్టింది. నొక్కింది. ప్రింటర్ ఒక్క క్షణం ఆలోచించినట్టు ఆగి, కర్రుమని కదిలింది. పాసు బయటికొచ్చింది. తెరమీద ఒక లైను మాయమైంది.

ఆ తర్వాత ఆమె కుర్చీలో కూర్చోలేదు. పాసు చింపటం, కిటికీలోంచి అందించటం, తెర తాజా చెయ్యటం. పదిహేడు ఖాళీ పేర్లు అడుగుకి దిగాయి, అందులో పది ఒకే నర్సరీవి. చక్రం కింద నిమ్మకాయ చితికినప్పుడల్లా ఒక లైను తగ్గింది. ఇరవై నాలుగో లారీ ఆరున్నరకి ముందే రోడ్డెక్కింది. ఒక్క మొక్క కూడా వాడిపోలేదు. ఎక్కడా ఎవరూ దేన్నీ తుడవలేదు.

హైదరాబాదు నుంచి మెసేజ్ వచ్చింది: ఆగిందా?

లేదండి, అని జవాబు పెట్టింది. నిమిషానికే ఇంకోటి: పాత రిపోర్టు తప్పని రాసి రేపే పంపుతున్నాను మేడమ్.

అప్పాజీ లోపలికొచ్చినప్పుడు ఆమె కీబోర్డు కింది కాగితం తీసి, మడతలు సాపు చేస్తోంది. దాని పక్కన తన సంజాయిషీ పెట్టింది. సగం పేజీ. దానికి గుండుసూదితో గుచ్చి, సాయంత్రం ముద్రించిన జాబితా రెండో కాపీ.

అప్పాజీ సంజాయిషీ చదవలేదు. జాబితానే చదివాడు. పదకొండో లైను దాకా వచ్చి ఆగాడు.

"ఇది కూడా జత చెయ్యాలామ్మా?"

"కారణం రాయమన్నారు కదండీ. కారణం అందులోనే ఉంది."

"అందరూ చేసేదే. నేనొక్కణ్ణే కాదుగా."

"అందరివీ ఉన్నాయండి అందులో. ఫోన్లో నొక్కటం తీసేసి, బండి యార్డులోకొచ్చాక సత్తియ్య బాబాయే నమోదు చేసేలా పెడితే ఈ జాబితా ఇంకెవరికీ అక్కర్లేదు. నేనూ ఫైల్లో పెట్టను."

అప్పాజీ ఆమె కేసి చూశాడు. మొక్క వేరు చూసి ధర కట్టే మనిషి చూపు అది. తాను ఇచ్చిన కాగితాన్ని దగ్గరికి లాక్కున్నాడు.

"సరే, రద్దు చేస్తాను. ఫోన్ సంగతి కూడా చూద్దాం." కాగితం మడవబోయాడు. "రేపు సంతకం పెడతాలే. ఇవాళ అమావాస్య కదా."

సూర్యకళ మడత పడుతున్న కాగితం మీద వేలు పెట్టి ఆపి, పెన్ను మూత తీసి ఆయన చేతికిచ్చింది.

"నాలుగింటికే వెళ్ళిపోయిందండి," అంది.